పోగులన్నీ ఉన్నా బట్ట ఏదీ?

సూరత్‌కు ఈశాన్యంగా, తాపీ నది ఒడ్డున, ముంబై నుంచి ఢిల్లీ వెళ్ళే జాతీయ రహదారి మీద ఉంటుంది కామ్‌రేజ్. దక్షిణాన కడోదరా, పల్సానాల వైపు రంగుల మిల్లులు. ఉత్తరాన కీమ్, పిపోద్రాల వైపు మగ్గాల షెడ్లు. ఈ చుట్టుపక్కల తయారయ్యే పాలియెస్టర్ చీర ఏ ఒక్క ఫ్యాక్టరీలోనూ పుట్టదు. నూలు ఒకరిది, దానికి మెలిక పెట్టేది మరొకరు. పడుగు చుట్టి బీము సిద్ధం చేసే షెడ్డు వేరు, నేసి గ్రే తాకాగా, అంటే రంగు పడని బట్ట చుట్టగా, దింపే యజమాని వేరు. రంగూ ప్రింటూ మిల్లులో పడతాయి. ఎంబ్రాయిడరీ, లేసు, రాళ్ళ పని చాలావరకు ఇళ్ళలోనూ చిన్న కార్ఖానాల్లోనూ సాగుతాయి. మడత పెట్టి డబ్బాలో సర్దడం సూరత్ రింగురోడ్డు మార్కెట్లలో. ఒక చోటి నుంచి ఇంకో చోటికి సరుకు చలానా మీద కదులుతుంది. ఎవరి పని వాళ్ళది, ఎవరి లెక్క వాళ్ళది.

ఈ మగ్గాల మీద తెలుగు చేతులు చాలానే ఉన్నాయి. తెలంగాణ జిల్లాల నుంచి తరాల క్రితమే వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపిందంటే ఆ జనం ఎంతమందో ఊహించుకోవచ్చు. తమ మూలపురుషుడు భావనారుషి తామరతూడు దారంతో దేవతలకు వస్త్రం నేశాడని పద్మశాలీలు చెప్పుకుంటారు. నార తీయడం మొదలు బట్ట దించేదాకా ఆయన ఒక్కడే చేశాడు. ఆయన సంతతిలో ఇవాళ ఒకరిది వైపని (పడుగు చుట్టడం), ఒకరిది సాంచా (మర మగ్గం), ఇంకొకరిది మడత.

ఇన్ని చోట్ల ఇన్ని ముక్కలుగా తయారైన చీరకు ఆ ముక్కల్ని మించిన ఉనికి ఏదైనా ఉందా? చీర అన్నది నిజంగా ఒక వస్తువా, పోగుల గుంపుకు మనం పెట్టుకున్న పేరా?

బట్టతో ఏ సంబంధమూ లేని ఇంకో వృత్తివాళ్ళు ఇదే ప్రశ్నను రోజూ ఎదుర్కొంటున్నారు. వాళ్ళు జావాలో వెబ్ అప్లికేషన్లు రాసేవాళ్ళు.

ఒక రంగుల మిల్లు లెక్కలు చూసే అప్లికేషన్ ఉందనుకుందాం. ఆర్డర్లు, చలానాలు, స్టాకు, బిల్లు, పన్ను అన్నీ ఒకే ప్రాజెక్టులో ఉంటాయి. కంపైల్ చేస్తే ఒకే వార్ ఫైలు వస్తుంది, దాన్ని టామ్‌క్యాట్ సర్వర్‌లో పెడితే పని నడుస్తుంది. మొదట్లో ఇంతకన్నా సుఖం లేదు. అయిదారేళ్ళు గడిచాక బిల్లు కాగితం మీద ఒక గీత జరపాలన్నా మొత్తం మళ్ళీ కంపైల్ చేసి, మొత్తం మళ్ళీ పరీక్షించి, మొత్తం మళ్ళీ సర్వర్‌కు ఎక్కించాలి. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: దీన్ని విడగొడదాం. బిల్లుకు ఒక మాడ్యూల్, స్టాకుకు ఒకటి, పన్నుకు ఒకటి. దేనికదే విడిగా బిల్డ్ అయ్యి జార్ ఫైలుగా వస్తుంది. చివర్లో వెబ్ మాడ్యూల్ వాటన్నిటినీ కలుపుకుంటుంది. మావెన్, గ్రేడిల్ వంటి పనిముట్లు ఈ పనికి బాగా అమరాయి.

ఇది ఇంజనీర్ల ఇంటి వ్యవహారం, దీనికి తత్వశాస్త్రం ఎందుకు అనిపించవచ్చు. కానీ ఎక్కడ కోయాలో తేల్చాలంటే ముందు, కోయడానికి వీలైనది ఏదో తేలాలి. దాని మీద ఈ దేశంలో శతాబ్దాల పాటు వాదం నడిచింది. ఆ వాదంలో నలిగిన ఉదాహరణల్లో ముఖ్యమైనది బట్టే.

బౌద్ధులది ఒక పక్షం. మిళింద ప్రశ్నల్లో నాగసేనుడు గ్రీకు రాజు మిళిందుణ్ణి అడుగుతాడు: నువ్వు ఎక్కి వచ్చిన రథం ఏది? చక్రమా, ఇరుసా, కాడా? ఏదీ కాదు. అవన్నీ పక్కన పెడితే రథమంటూ వేరే మిగలదు కూడా. కాబట్టి రథం అన్నది వాడుక కోసం పెట్టుకున్న పేరు. ఏడో శతాబ్దంలో ధర్మకీర్తి దీన్ని ఇంకా పదును పెట్టాడు. అవయవాలకు వేరుగా అవయవి అనే ఒకే వస్తువు ఉంటే, చెయ్యి కదిలినప్పుడు ఒళ్ళంతా కదలాలి. ఒక భాగం కప్పితే మొత్తం కనబడకుండా పోవాలి. ఒక కొసకు రంగు పడితే మొత్తానికి రంగు పట్టాలి. అలా జరగడం లేదు కనుక ఆ ఒకే వస్తువు లేదు.

విడగొట్టని వార్ ఫైలును చూస్తే ధర్మకీర్తి ఎత్తిపొడుపు అక్షరాలా నిజమై కనిపిస్తుంది. అక్కడ చెయ్యి కదిలితే ఒళ్ళంతా కదులుతుంది. పన్ను లెక్కలో ఒక పంక్తి మారితే, దాని జోలికే పోని స్టాకు రిపోర్టు కూడా కొత్తగా కంపైలై మళ్ళీ పరీక్షకు నిలబడాలి. మాడ్యూళ్ళు కావాలనేవాడు ఆ నిమిషానికి తెలియకుండానే బౌద్ధుడు.

న్యాయదర్శనం వాళ్ళ, అంటే నైయాయికుల, జవాబు కూడా తేలికైనది కాదు. అవయవి లేదంటే అసలు ఏదీ కంటికి కనబడకూడదు, ఎందుకంటే పరమాణువులు ఒక్కొక్కటిగా కనబడవు. దూరం నుంచి చూస్తే చెట్ల గుంపు అడవిగా కనబడ్డట్టే ఇదీ అంటారా? అడవిలో ఒక్కో చెట్టూ దగ్గరికి వెళ్తే కనబడుతుంది. పరమాణువు ఎంత దగ్గరికి వెళ్ళినా కనబడదు. రెండో వాదం మరీ గట్టిది. కుండను ఒక అంచు పట్టి ఎత్తితే కుండంతా లేస్తుంది. దుమ్ము కుప్పను ఒక అంచు పట్టి ఎత్తితే గుప్పెడు దుమ్మే చేతికి వస్తుంది. పట్టుకోవడం, లాగడం కుదిరాయంటే అక్కడ గుంపు కాక ఒక వస్తువు ఉన్నట్టు.

మిల్లులో గుమాస్తా బిల్లు మీట నొక్కుతాడు. స్టాకు తగ్గాలి, పన్ను లెక్క పడాలి, ఖాతాలో బాకీ ఎక్కాలి. మూడూ జరగాలి, లేదా మూడూ ఆగిపోవాలి. వాడు పట్టుకున్నది ఒక అంచే అయినా కదలాల్సింది మొత్తం. ఎన్ని జార్ ఫైళ్ళు చేసినా ఆ గుమాస్తాకు కావలసింది లేచే కుండ, దుమ్ము కుప్ప కాదు.

ఈ రెండు పక్షాల మధ్య ఇవాళ్టి ఇంజనీరు నిలబడడానికి చోటు చూపించేవాడు ఒక తెలుగువాడు. పదిహేడో శతాబ్దపు అన్నంభట్టు. ఆయన రాసిన తర్కసంగ్రహం దేశమంతటా తర్కం మొదలుపెట్టే విద్యార్థి చేతిలో పడే పుస్తకం. చిన్నది. అందులో కారణాలు మూడు రకాలని చెబుతూ ఆయన బట్టనే ముందు పెట్టుకున్నాడు. పోగులు బట్టకు సమవాయి కారణం. ఆ పోగుల కలయిక అసమవాయి కారణం. నాడె, మగ్గం వంటివి నిమిత్త కారణం. పోగులు మాత్రమే చాలవు, వాటి కలయిక విడిగా లెక్కకు రావాలి అన్నది ఇక్కడ గమనించాల్సిన సంగతి. జార్ ఫైళ్ళన్నీ సరిగ్గా ఉండి అప్లికేషన్ లేవని రోజున, దెబ్బతిన్నది ఈ రెండో కారణమే.

ఇంతకన్నా పనికొచ్చేది ఆయన సంబంధాల్లో చూపిన తేడా. రెండు వస్తువులు తగులుకొని ఉండి, మళ్ళీ విడిపోగలిగితే అది సంయోగం. రెంటిలో ఒకటి, తాను ఉన్నంత కాలం, రెండోదాన్ని ఆశ్రయించుకొని మాత్రమే ఉండగలిగితే ఆ జంట అయుతసిద్ధం, వాటి మధ్య ఉన్నది సమవాయం. బట్టకూ పోగులకూ ఉన్నది సమవాయం. బట్టకూ దాన్ని ఆరేసిన దండేనికీ ఉన్నది సంయోగం.

మాడ్యూళ్ళు విడగొట్టే పని మొత్తం ఈ ఒక్క తేడా మీద నిలబడుతుంది. బిల్లుకూ ఖాతాదారుకూ మధ్య ఉన్నది సంయోగం. ఒక్క బిల్లూ లేని ఖాతాదారు ఉండగలడు. అక్కడ కోయవచ్చు. బిల్లుకూ బిల్లులోని పంక్తులకూ మధ్య ఉన్నది సమవాయం. బిల్లు లేకుండా ‘గ్రే తాకాలు పది’ అన్న పంక్తికి ఉనికి లేదు. అక్కడ కోస్తే కోత పడదు, ముడి మాత్రం కళ్ళకు కనబడకుండా పోతుంది. పేరుకు రెండు మాడ్యూళ్ళు ఉంటాయి. ఒకటి మారిన ప్రతిసారీ రెండోదీ మారాలి, రెండిటి వెర్షన్లూ ఎప్పుడూ జోడు కుదరాలి, రెండూ ఒకే రోజు విడుదల కావాలి. అంతకుముందు కంపైలర్ పట్టుకునే తప్పు ఇప్పుడు రాత్రిపూట సర్వర్‌లో బయటపడుతుంది. విడగొట్టి నష్టపోయామని చెప్పే జట్లలో చాలావాటికి జరిగింది ఇదే.

సరే, ఏది సంయోగమో తెలిసేదెలా? దీనికి 1972లో డేవిడ్ పార్నస్ చెప్పిన కొలత ఇప్పటికీ పాతబడలేదు. అప్పుడు కార్నెగీ-మెలన్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఆయన ఒకే చిన్న ప్రోగ్రామును రెండు విధాలుగా విడదీసి చూపించాడు. మొదటిది పని నడిచే వరుస ప్రకారం: ముందు చదవడం, తర్వాత సర్దడం, తర్వాత అచ్చువేయడం. రెండోది, రేపు మారే అవకాశం ఉన్న నిర్ణయాలను ఒక్కోదాన్ని ఒక్కో మాడ్యూల్‌లో దాచిపెట్టడం. రెండో పద్ధతే మేలని తేల్చాడు.

సూరత్‌లో ఈ మాట విలువ తెలుసుకోవడానికి పన్ను రేటు చాలు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు సింథటిక్ నూలు మీద 18 శాతం. బట్టల వ్యాపారులు ఆ నెలలో దుకాణాలు మూసి పెద్ద ఆందోళనే చేశారు. అక్టోబరులో జీఎస్టీ మండలి దాన్ని 12కు దించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. ఒకే నూలుకు మూడు రేట్లు! తెరలన్నీ ఒక మాడ్యూల్, లెక్కలన్నీ ఒకటి, డేటాబేస్ పనంతా ఒకటి అని అడ్డంగా కోసుకున్న అప్లికేషన్‌లో ఇలాంటి మార్పు తరచూ మూడు పొరల్లోనూ చెయ్యి పెట్టిస్తుంది. పన్ను నిర్ణయాన్ని ఒకచోట దాచుకున్న చోట ఒక్క జార్ మారుతుంది. అడ్డకోత కోయడం సులువు, చూడ్డానికి పొందికగా కూడా ఉంటుంది. అందుకే ఎక్కువమంది అదే కోస్తారు. అది తప్పు కోత అని గట్టిగానే చెప్పాలి.

విడగొట్టేటప్పుడు ఎదురయ్యే ఇంకో చిక్కుకు కూడా మన తార్కికులు ఎప్పుడో పేరు పెట్టారు. బిల్లు మాడ్యూల్‌కు ఖాతాదారు అప్పు పరిమితి కావాలి. ఖాతాదారు మాడ్యూల్‌కు కట్టని బిల్లుల మొత్తం కావాలి. ఇది దానిమీద, అది దీనిమీద. ఇలాంటిది చూస్తే మావెన్ బిల్డ్ మొదలుపెట్టకుండానే ఆగిపోతుంది, ఎందుకంటే దేన్ని ముందు తయారు చేయాలో తేలదు. ఈ దోషం పేరు అన్యోన్యాశ్రయం. మూడు, నాలుగు మాడ్యూళ్ళు తిరిగి మొదటికొస్తే చక్రకం. ఎక్కడా ఆగకపోతే అనవస్థ. శాస్త్రార్థంలో ఎదుటివాడి సిద్ధాంతానికి ఈ దోషం పట్టించగలిగితే ఓడించినట్టే. ఆ క్రమశిక్షణను మావెన్ యంత్రంలా అమలు చేస్తుంది, వేడుకున్నా వినదు. సరైన విరుగుడు, ఇద్దరూ ఆధారపడగల మూడోదాన్ని, అంటే ఒక ఇంటర్‌ఫేస్‌ను, విడిగా బయటికి తీయడం. ఓపిక లేనివాళ్ళు రెంటినీ తెచ్చి ‘కామన్’ అనే మాడ్యూల్‌లో పడేస్తారు. కొన్నాళ్ళకు అప్లికేషన్ అంతా ఆ కామన్‌లోకే చేరుతుంది.

ఇక్కడ శంకరాచార్యుల ఆక్షేపణ గుర్తుకు రాక మానదు. బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయంలో ఆయన సమవాయాన్ని ఒప్పుకునే వైశేషికులను నిలదీశాడు: రెండు వస్తువులను కలపడానికి సమవాయం అనే మూడోది కావాలంటే, ఆ మూడోదాన్ని ఈ రెంటితో కలపడానికి ఇంకోటి కావద్దా? ఇంటర్‌ఫేస్ మాడ్యూల్ తీసిన మర్నాడు దానికీ ఒక వెర్షన్ పుడుతుంది. ఆ వెర్షన్‌తో ఎవరు పొసగుతారు, ఎవరు పొసగరు అన్న పట్టిక పుడుతుంది. ఆ పట్టికను చూసుకోవడానికి మావెన్ చదివే వివరాల ఫైలు, పేరెంట్ పామ్, ఒకటి పుడుతుంది. ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆగిన చోటే అవయవి నివసిస్తుంది.

వెర్షన్ల విషయంలో న్యాయ వైశేషికుల మాట ఒకటి మొదట వింతగా వినిపిస్తుంది. బట్టలోంచి ఒక పోగు లాగేస్తే, పాత బట్ట కాస్త తగ్గి మిగల్లేదు. పాత బట్ట నశించింది, ఖండపటం అనే కొత్త బట్ట పుట్టింది. పోగులు అవే కదా, బట్ట అదే కాదా అని మామూలు బుద్ధి అడుగుతుంది. విడుదలలు చూసుకునే ఇంజనీరు మాత్రం తార్కికుల పక్షానే ఉంటాడు. ఒక్క జార్ మారినా అది కొత్త విడుదల, దానికి కొత్త నంబరు, కొత్త పరీక్ష. ‘ఒక్క జారే కదా మారింది’ అని నంబరు మార్చకుండా సర్వర్‌కు ఎక్కించిన చోట, తర్వాత తప్పు వెతికేవాడికి దారి ఉండదు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో లోపం బయటపడ్డప్పుడు ప్రపంచమంతా అడిగిన మొదటి ప్రశ్న, మన అప్లికేషన్‌లో ఆ జార్ ఏ వెర్షన్ ఉంది అన్నదే. దేని లోపల ఏముందో రాసిపెట్టుకున్నవాళ్ళు త్వరగా బయటపడ్డారు.

జావాలో ‘అదే’ అన్న మాటకు ఇంకా లోతైన చిక్కు ఉంది. జావా యంత్రం ఒక క్లాసును, అంటే వస్తువుల నమూనాను, పేరుతో మాత్రమే గుర్తించదు. పేరు, దాన్ని ఎక్కించిన క్లాస్‌లోడర్, రెండూ కలిస్తేనే గుర్తింపు. రెండు వెబ్ అప్లికేషన్లు ఒకే సర్వర్‌లో ఉండి, రెండూ ఒకే జార్‌ను ఎవరికి వారు లోపల పెట్టుకుంటే, అక్షరం అక్షరం ఒకటే అయిన ‘బిల్లు’ క్లాసు రెండు వేర్వేరు జాతులవుతుంది. దీని వ్యక్తిని దానికి అందిస్తే నాది కాదని తిప్పి కొడుతుంది. రూపం ఒకటే అయినా వచ్చిన దారి వేరైతే వస్తువు వేరే.

ఈ సంగతిని కృష్ణా, తుంగభద్రల దగ్గర రాతిలో చూడవచ్చు. ఆ రెండు నదులు కలిసే చోట కూడవెల్లిలో బాదామి చాళుక్యుల కాలం నాటి సంగమేశ్వరాలయం ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు ముంచెత్తుతాయని దాన్ని రాయి రాయిగా విప్పి, అలంపురంలో మళ్ళీ పేర్చారు. ఎంతో శ్రద్ధతో చేసిన పని. ఇవాళ అక్కడికి వెళ్ళినవాడికి గోపురం, గోడలు, శిల్పాలు అన్నీ కనబడతాయి. అదే గుడా? రాళ్ళు అవే, వాటి కలయికా అదే. అన్నంభట్టు లెక్కన సమవాయి కారణం, అసమవాయి కారణం రెండూ కుదిరాయి. కానీ ఆ దేవుడి పేరు సంగమం నుంచి వచ్చింది. సంగమ స్థలం వెంట రాలేదు. మాడ్యూల్‌ను పాత చోటి నుంచి పెకలించి కొత్త చోట పెట్టేవాళ్ళు తీసుకురావడం మరిచేది ఇలాంటిదే. కోడ్‌లో ఎక్కడా రాయకపోయినా, చుట్టూ ఉన్నదాని మీద అది ఆధారపడి ఉంటుంది. నాగార్జునకొండతో పేరు ముడిపడిన ఆచార్య నాగార్జునుడు ఇంకొక అడుగు ముందుకేసి, ఆధారపడని వస్తువే లేదు కనుక సొంత స్వభావం ఉన్నదేదీ లేదన్నాడు. పామ్ ఫైలు తెరిస్తే, మాడ్యూల్ తన గురించి చెప్పుకునేది రెండు పంక్తులు, దేని మీద ఆధారపడిందో చెప్పేది పేజీ.

జావా తనను తానే విడగొట్టుకున్న కథ కూడా ఉంది. జిగ్సా అన్న పేరుతో ఆ పని 2008లో మొదలైంది. జావా ఏడులో రావాల్సింది ఎనిమిదికి, ఎనిమిది నుంచి తొమ్మిదికి జరిగింది. 2017 మేలో ఆ మాడ్యూల్ వ్యవస్థ మీద ఓటింగు పెడితే పది మంది అవునన్నారు, పదముగ్గురు కాదన్నారు. సర్దుబాట్ల తర్వాత జూన్‌లో మళ్ళీ ఓటు వేసినప్పుడు ఎవరూ వ్యతిరేకించలేదు. సెప్టెంబరు 21న జావా 9 విడుదలైంది. గొడవలో ఒక పెద్ద ముడి ఇది: జావా లోపలి గదుల్లో ఉన్న ‘అన్‌సేఫ్’ వంటి క్లాసులు బయటివాళ్ళ కోసం కాదని తయారు చేసినవాళ్ళ ఉద్దేశం. ప్రపంచంలోని లైబ్రరీలెన్నో అప్పటికే వాటి మీద అల్లుకుపోయాయి. కట్టినవాడికి సంయోగంగా కనిపించింది వాడుకునేవాడి బతుకులో సమవాయమైపోయింది. గీసే హక్కు ఒక్కటే గీతను సరైన గీత చేయదని ఆ పది–పదమూడు ఓటు చెప్పింది.

కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లో గమనించిన సంగతి కూడా సూరత్‌కు నేరుగా తగులుతుంది. ఏ సంస్థ అయినా తనలోని మనుషులు ఎలా మాట్లాడుకుంటారో అలాంటి ఆకారంలోనే వ్యవస్థను నిర్మిస్తుందని ఆయన అన్నాడు. కామ్‌రేజ్ చుట్టూ చీర ముక్కలుగా తయారవుతున్నా, మొత్తాన్ని మనసులో పెట్టుకున్న మనిషి ఒకడు ఉన్నాడు: రింగురోడ్డు మార్కెట్ వ్యాపారి. గ్రే కొనేదీ అతనే, మిల్లుకు జాబ్‌వర్క్‌కు పంపేదీ, ఎంబ్రాయిడరీకి ఇచ్చేదీ, తన లేబులు కింద అమ్మేదీ అతనే. అంచు మీద రంగు కారితే నూలువాడు, నేతవాడు, మిల్లువాడు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. కొన్నామె మాత్రం లేబులు చూసుకొని వస్తుంది. అవయవికి ఒక యజమాని ఉన్నాడు.

మాడ్యూళ్ళుగా విడిపోయిన చాలా జట్లలో ఆ యజమాని లేడు. బిల్లు మాడ్యూల్ పరీక్షలన్నీ పచ్చగా ఉంటాయి, స్టాకు మాడ్యూల్ పరీక్షలన్నీ పచ్చగా ఉంటాయి, మిల్లులో మాత్రం బిల్లు పడదు. లోపం ఏ మాడ్యూల్‌లోనూ లేదు. అంటే లోపం ఉన్న వస్తువు ఇంకోటి ఉందన్నమాట. నాగసేనుడి వాదానికి ఇక్కడ గట్టి జవాబు దొరుకుతుంది. వాడుక కోసం పెట్టుకున్న పేరు చెడిపోదు, చెడిపోయేది వస్తువే. అప్లికేషన్ తన మాడ్యూళ్ళకు వేరుగా నిజంగా ఉందని, ఈ విషయంలో నైయాయికులదే గెలుపని ఒప్పుకోవాలి. దానికి విడిగా ఒక బాధ్యుడు ఉండాలి, మొత్తాన్ని ఒకేసారి లేపి చూసే విడి పరీక్ష ఉండాలి. అది లేకుండా విడగొట్టబోయేవాళ్ళు ఆ పని వాయిదా వేసుకోవడమే నయం. ఒక్క వార్ ఫైలుగా మిగిలిపోవడం అవమానమేమీ కాదు.

హైదరాబాద్ నుంచి డల్లాస్ దాకా జావా మీద బతికే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. తర్కసంగ్రహాన్ని తెలుగు తాత్పర్యంతో, కనీసం కారణాల గురించీ సమవాయం గురించీ చెప్పిన భాగాలనైనా, వాళ్ళు ఒకసారి చదవాలి. ఒక సాయంత్రం సరిపోతుంది. అలాగే తర్కం బోధించే ఆచార్యులు పోగులూ బట్టా చెప్పాక, అదే నల్లబల్ల మీద మూడు మాడ్యూళ్ళ అప్లికేషన్ కూడా ఒకటి గీసి చూపించాలి.